ఒకే ఇంట్లో ఆరు నెలల బిడ్డ, ఆరేళ్ల బిడ్డ

(అనంతపురంలో, ఇంటి దగ్గరే పిల్లల్ని చూసుకునే పని మొదలుపెట్టబోతున్న మహిళలకు ఇచ్చిన శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ ఫ్యాను గాలి తగులుతుంది.

ఈ పనికి దిగేవాళ్లు మొట్టమొదట అడిగే మాట, "ఎంతమందిని పెట్టుకోవచ్చు?" అని. సాయినగర్‌లో గానీ, రాంనగర్‌లో గానీ రెండు గదుల ఇల్లున్నవాళ్లను అడిగి చూడండి, ఎనిమిదిమంది, పదిమంది అంటారు. హాల్లో చాప పరిస్తే ఎంతమంది పడతారో చూసి చెప్పే లెక్క అది. ఈడు చూడకుండా కట్టిన లెక్క దేనికీ పనికిరాదు. తొమ్మిదేళ్ల పిల్లలు పదిమందిని ఒక్క మనిషి సాయంత్రం దాకా చూసుకోగలదు. ఎనిమిది నెలల బిడ్డలు నలుగురైతే ఒక్క మనిషి మధ్యాహ్నానికే కూలబడిపోతుంది. ఒకరికి పాలు పడుతుంటే ఒకరు దొడ్డికి పోయుంటారు, ఒకరు నిద్రకు ఏడుస్తుంటారు, నాలుగోవాడు మంచం కిందికి దూరి ఉంటాడు.

లెక్క కట్టుకోడానికి ఒక పద్ధతి చెప్తాను. ఇది సర్కారు నియమం కాదు, చేతి శక్తిని కొలుచుకునే కొలత. ఇంకా నడక రాని బిడ్డకు మూడు పాళ్లు, అంటే మూడు వంతులు, వేసుకోండి. నడక వచ్చినప్పటి నుంచి మూడేళ్లు నిండేదాకా రెండు పాళ్లు. మూడు దాటి ఆరేళ్ల దాకా ఒక పాలు. బడి వదిలాక వచ్చే అంతకన్నా పెద్దపిల్లలకు అర పాలు. ఒక మనిషి చేతికి ఎనిమిది పాళ్లు దాటకూడదు. అంటే చంటిబిడ్డ ఒకరు, రెండేళ్లవాళ్లు ఇద్దరు, నాలుగేళ్ల పిల్ల ఒకతి. మూడు, నాలుగు, ఒకటి, మొత్తం ఎనిమిది. నలుగురితోనే నిండిపోయింది. ఇంతేనా అనిపిస్తుంది, తెలుసు. ఇంగ్లండులో ఇంటి దగ్గర పిల్లల్ని చూసుకునేవాళ్లకు మామూలుగా ఉండే హద్దు చూడండి: ఎనిమిదేళ్లలోపు వాళ్లు ఆరుగురు, ఆ ఆరుగురిలో ఐదేళ్లలోపు వాళ్లు ముగ్గురు, ఆ ముగ్గురిలో ఏడాది లోపు బిడ్డ ఒక్కరు. వాళ్లూ తలలు లెక్కపెట్టి ఊరుకోలేదు, ఈడు చూసే కట్టారు.

మీ సొంత బిడ్డ కూడా లెక్కలోకి వస్తుంది, మర్చిపోవద్దు. ఇంట్లో అత్తగారుంటే ఇద్దరు మనుషులని రాసుకుంటారు కొందరు. ఆమె వంగి పదికిలోల బిడ్డను ఎత్తుకోగలిగితేనే రాసుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ కథలు చెప్తుంది, అన్నం తినిపిస్తుంది, అదంతా ఎంతో విలువైన సాయమే. కానీ గ్యాస్ వాసన వచ్చినరోజు బిడ్డను ఎత్తుకుని బయటికి పరుగెత్తలేదు.

ఆ పరీక్ష కూడా చేసుకోండి. ఇప్పటికిప్పుడు ఇల్లు ఖాళీ చేయాలంటే ఒక్కసారిలో అందరినీ బయటికి తీసుకుపోగలరా? చెరో చంకలో ఒకరు, అంటే నడవలేనివాళ్లు ఇద్దరికి మించకూడదు. మిగతావాళ్లు కొంగు పట్టుకుని వెంట రావాలి. కొంగు పట్టుకోవడం వారానికొకసారి ఆటలా ఆడించండి. రెండేళ్లవాడికి "పరుగెత్తు" అంటే తెలియదు, "కొంగు పట్టు" అంటే తెలుస్తుంది.

ఈ పాళ్ల లెక్కతోనే ఫీజు కూడా తేల్చుకోవచ్చు. చంటిబిడ్డ మూడు పాళ్లు తీసుకుంటున్నప్పుడు నాలుగేళ్లవాడి ఫీజే తీసుకుంటే, మీకు తెలియకుండానే రాబడి కోసం ఇంకో ఇద్దరిని చేర్చుకోవాల్సి వస్తుంది. మనుషులు హద్దు దాటేది ఇక్కడే. నెల మొదట్లోనే తీసుకోండి, సెలవు రోజులు, ఆలస్యమైతే ఎంత అన్నది ముందే కాగితం మీద రాసుకోండి. డబ్బు గురించి ఇంతకంటే చెప్పను.

ఇప్పుడు రోజు ఎట్లా నడుస్తుందో చూద్దాం. వేరువేరు ఈడు పిల్లలున్న ఇంట్లో కష్టమైన సమయం ఏది? పొద్దున దింపేటప్పుడని చాలామంది అనుకుంటారు. పన్నెండున్నర నుంచి ఒంటిగంటన్నర దాకా ఉండే గంటే అసలు కష్టం. ఎల్కేజీ పిల్లలు ఆటో దిగేది అప్పుడే. రెండేళ్లవాళ్లు నిద్రకు తూగేది అప్పుడే. పొద్దున పదకొండింటికి పడుకున్న చంటిబిడ్డ ఆకలితో లేచేదీ అప్పుడే. పొయ్యి మీద పప్పు కూడా ఉంటే ఇక ఏదో ఒకటి జరుగుతుంది.

అందుకని ఆ గంటను ముందే ఖాళీ చేసుకోవాలి. వంట తొమ్మిదిన్నరకల్లా అయిపోవాలి. ఆ తర్వాత పొయ్యి వెలగదు, కుక్కర్ ఎక్కదు. అన్నం, పప్పు హాట్‌బాక్సులోకి పోతాయి. రెండేళ్లవాళ్లకు పదకొండున్నరకే భోజనం. మనకు తొందరగా అనిపిస్తుంది గానీ పొద్దున ఏడింటికి రాగిజావ తాగిన బిడ్డకు అప్పటికి ఆకలేస్తుంది. పన్నెండుంబావుకు కాళ్లు చేతులు కడిగి, గది చీకటి చేసి పడుకోబెట్టండి. ఆటో వచ్చేసరికి వాళ్లు నిద్రలో ఉంటారు. బడి నుంచి వచ్చినవాళ్లను ఆ గదిలోకి పంపకుండా హాల్లోనే భోజనానికి కూర్చోబెట్టాలి. మీ భోజనం వాళ్లందరి తర్వాత, రెండింటికి. ఒక వారం కష్టంగా ఉంటుంది, తర్వాత పిల్లల కడుపే గడియారమవుతుంది.

నాలుగు నెలల బిడ్డ మాత్రం ఈ గడియారానికి రాడు. వాడు పగలు మూడునాలుగు సార్లు పడుకుంటాడు, వాడి ఇష్టం. పది నెలలు వచ్చేసరికి రెండు నిద్రలకు, ఏడాదిన్నరకు ఒక నిద్రకు దిగుతారు. కొత్తగా రెండు నుంచి ఒకటికి మారుతున్న బిడ్డ ఇంట్లో ఉంటే ఆ నెల కొత్తవాళ్లెవరినీ చేర్చుకోవద్దు.

పడుకోబెట్టేటప్పుడు ఏడాది లోపు బిడ్డను వెల్లకిలా, గట్టి పరుపు మీద పడుకోబెట్టండి. దిండు వద్దు, ముఖం మీద ఈగలు వాలతాయని గుడ్డ కప్పొద్దు. ఇక చీర ఉయ్యాల. మన ఇళ్లల్లో దూలానికి కట్టకుండా ఉండరు. ఒక్క బిడ్డే ఉన్న ఇంట్లో తల్లి పక్కనే కూర్చుని ఊపే ఉయ్యాల వేరు. ఇక్కడ మూడేళ్లవాడు తమ్ముణ్ని నిద్రపుచ్చుతానని ఎగరేసి ఊపుతాడు, గోడకు కొడతాడు. ఖాళీగా ఉంటే తనే దాంట్లో దూరి గిరగిరా తిరుగుతాడు, చీర మెడకు మెలిపడుతుంది. కట్టకుండా ఉంటే మంచిది. కట్టి తీరాలంటే బిడ్డను ఎత్తిన మరుక్షణం చీరను పైకి ముడేసి, పిల్లలకు అందనంత ఎత్తున పెట్టాలి.

ఇప్పుడు ఇది చూడండి. నా చేతిలో ఉన్నది పసిపిల్లల గాజు. ఒకటిన్నర అంగుళాలది, అంటే లోపల 38 మిల్లీమీటర్లు. ఈ పనికి కొనే మొదటి పనిముట్టు ఇదే కావాలి. ఈ గాజులోంచి దూరిపోయే వస్తువు ఏదైనా మూడేళ్లలోపు బిడ్డ గొంతులో పడే వస్తువే అనుకోండి. గోలీ, బొత్తాం, చింతపిక్క, సపోటా గింజ, సీతాఫలం గింజ, పెన్ను మూత, రిమోట్‌లోని గుండ్రటి బ్యాటరీ. ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయడం మొదలుపెడుతుంది, సాయంత్రం దాకా చూద్దామనే మాటే లేదు. వారానికోసారి హాల్లో మోకాళ్ల మీద పాకుతూ, గాజు చేత పట్టుకుని చూడండి. నిలబడి చూస్తే మంచం కింద కనిపించదు.

ఆ గాజులోంచి దూరేవాటిలో మన జిల్లాకు సంబంధించినది ఒకటుంది: శెనక్కాయ విత్తనం. ప్రతి ఇంట్లో ఉంటుంది, ప్రతి బడి సంచిలో ఉంటుంది. దీని గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఏడాదిన్నర బిడ్డకు ముందు పళ్లు ఉంటాయి, కొరుకుతాడు. నమలడానికి కావాల్సిన వెనక దంతాలు పూర్తిగా వచ్చేసరికి రెండున్నర, మూడేళ్లవుతుంది. అందుకని విత్తనాన్ని రెండు బద్దలు చేసి, నమలకుండా నోట్లో పెట్టుకుని నవ్వుతాడు, పరుగెత్తుతాడు. బద్ద అన్నంలాగా కడుపులోకి పోకుండా ఊపిరి గొట్టంలోకి జారుతుంది.

అప్పుడేమవుతుందో గుర్తుపట్టడం తెలియాలి. బాగా ఆడుకుంటున్న బిడ్డకు ఉన్నట్టుండి పొలమారినట్టు గట్టి దగ్గు వస్తుంది. ముఖం ఎర్రబడుతుంది. రెండు నిమిషాల తర్వాత దగ్గు ఆగిపోతుంది, మళ్లీ ఆడుకుంటాడు. అందరూ "హమ్మయ్య" అంటారు. మోసం అక్కడే ఉంది. బద్ద ఇంకా లోపలికి, ఒక పక్క ఊపిరితిత్తిలోకి దిగింది కాబట్టి దగ్గు ఆగింది. దాంట్లోని నూనెకు లోపల వాపు వస్తుంది. నాలుగు రోజులకు పిల్లికూతలు, జ్వరం, నిమ్ము. జలుబు మందులు వాడుతూ పోతారు. ఎక్స్‌రేలో శెనక్కాయ కనబడదు. "ఫలానా రోజు, ఫలానా గంటకు ఉన్నట్టుండి దగ్గాడు, చేతిలో శెనక్కాయలున్నాయి" అని మీరు చెప్పే మాటే డాక్టరుకు ఆధారం. అందుకని బిడ్డకు దగ్గు ఆగినా సరే, తల్లికి ఫోన్ చేసి అదేరోజు ఆసుపత్రికి పంపండి.

శెనక్కాయను ఇంట్లోంచి వెళ్లగొట్టమని చెప్పడంలేదు. బలమైన తిండి. వేయించి మెత్తగా పొడి కొట్టి రాగిజావలో కలపండి, పలచటి చట్నీ చేయండి. మొదటిసారి రుచి చూపించేది మాత్రం తల్లి, వాళ్లింట్లో. దద్దుర్లు వస్తే ఏది పెట్టినప్పుడు వచ్చాయో తెలియాలి. ఐదేళ్లలోపు వాళ్లకు గింజగా ఇవ్వొద్దు. ద్రాక్షపండును నిలువుగా నాలుగు చీలికలు చేయండి. అడ్డంగా కోస్తే గుండ్రటి బిళ్లలవుతాయి, అవి గొంతుకు మూతలాగా సరిపోతాయి. ఉగ్గాణిలో తడిసిన బొరుగులు పర్వాలేదు, పొడి బొరుగులు చంటివాళ్లకు వద్దు.

ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, చిన్నవాడికి మీరు జాగ్రత్తగా పెడతారు. ఎల్కేజీ పిల్ల బాక్సులో శెనక్కాయ ఉండ ఉంటుంది. ఆమె తింటూ హాలంతా తిరుగుతుంది, పలుకులు రాలతాయి, పాకే బిడ్డ ఏరుకుంటాడు. కాబట్టి పెద్దపిల్లల తిండికి ఒకటే చోటు పెట్టండి. కింద పాత చీర పరిచి, దాని మీదే కూర్చుని తినాలి. తిన్నాక చీర నాలుగు మూలలూ పట్టుకుని ఎత్తి బయట దులపండి. అప్పటిదాకా పాకే బిడ్డ చంకలోనో, పక్కగదిలోనో ఉండాలి. ఆటవస్తువులకూ ఇదే పద్ధతి. పూసలు, చిన్న బ్లాకులు, కత్తెర ఇవన్నీ బల్ల మీద, నిలబడి ఆడుకునేవి. నేలంతా చిన్నవాళ్లది. "తమ్ముడు తీసుకుంటున్నాడు" అని పెద్దపిల్లను తిట్టకుండా, ఆమెకు తమ్ముడి చెయ్యి అందని ఎత్తు ఇస్తే సగం గొడవలు తగ్గుతాయి.

పెద్దపిల్లల గురించి ఒక మాట. ఐదేళ్ల పిల్ల చిన్నవాడికి పాట పాడొచ్చు, లంగోటా అందించొచ్చు. ఎత్తుకోనివ్వొద్దు, కాపలా పెట్టొద్దు. "ఒక్క నిమిషం చూస్తుండమ్మా" అని మనం స్నానాల గది వైపు వెళ్తే, ఆ నిమిషం ఆమె మీద బరువు పెట్టినట్టే. ఆమె కూడా చూసుకోవాల్సిన బిడ్డే.

నీళ్ల సంగతి. మనకు కొళాయి రోజూ రాదు కాబట్టి ప్రతి ఇంట్లో సంపు, తొట్టి, డ్రమ్ములు, నిండా బకెట్లు. నడక నేర్చిన బిడ్డకు తల బరువెక్కువ. బకెట్‌లోకి తొంగిచూస్తే తలకిందులుగా పడతాడు, తిరిగి లేవలేడు. జానెడు నీళ్లు కూడా అక్కర్లేదు, నాలుగు వేళ్ల లోతు చాలు. శబ్దం కూడా రాదు. సంపు మూతకు తాళం, స్నానాల గదికి బయట పైగడియ, బకెట్లు బోర్లించి పెట్టడం. డ్రమ్ముకు రేకు మూత చాలదు, పైన రాయి పెట్టినా మూడేళ్లవాడు తోసేస్తాడు, కట్టే మూత కావాలి. ఫినాయిల్, యాసిడ్ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసుకోవడం ఈరోజుతో మానేయండి. గోడకు పెట్టే దోమల మందు సీసా కూడా పిల్లలకు అందని ప్లగ్గులో ఉండాలి.

ఎండాకాలం మన దగ్గర 42 డిగ్రీలు దాటుతుంది. బయట ఆట తొమ్మిది లోపు, ఐదు తర్వాత. ఆడుకునే పిల్లలు దాహమని చెప్పరు, అరగంటకోసారి మీరే గ్లాసు అందించాలి. ఆరు నెలలు నిండని బిడ్డకు మాత్రం నీళ్లు వద్దు, పాలే ఎక్కువసార్లు పట్టాలి. కూలర్ ఇనుపదైతే ఎర్తింగ్ చూపించుకోండి, వారానికోసారి నీళ్లు పూర్తిగా పారబోసి తొట్టి ఎండబెట్టండి, లేకపోతే డెంగీ దోమ పెరుగుతుంది.

తల్లి పిండి ఇచ్చిన పాలు 25 డిగ్రీల గదిలో నాలుగు గంటలు నిలుస్తాయి, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు. మే నెలలో మన హాలు 25 డిగ్రీలు ఎక్కడుంటుంది? రాగానే ఫ్రిజ్‌లోకి పోవాలి. డబ్బా మీద బిడ్డ పేరు, పిండిన తేదీ, గంట. వేడిచేయాలంటే గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో నిలబెట్టండి, పొయ్యి మీద పెట్టొద్దు. బిడ్డ తాగగా మిగిలినవి రెండు గంటల తర్వాత పారబోయాలి. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచితే సుమారు నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. డబ్బాపాలైతే ఆ డబ్బాలో వచ్చిన స్కూపే వాడండి, మట్టంగా గీకి. డబ్బా త్వరగా అయిపోతోందని పలచన చేస్తే బిడ్డ బరువు పెరగదు. ఇంకొకటి, బోరు నీళ్లు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై, ఇంకాస్త చిక్కబడుతుంది. మన జిల్లాలో చాలాచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఉంది కాబట్టి చంటిబిడ్డ పాలకు తాగునీటి కొళాయి నీళ్లు గానీ, ఫిల్టర్ నీళ్లు గానీ కాచి వాడండి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించొద్దు, పాలసీసా మీద రాసినా వద్దు.

జబ్బు నియమాలు చేర్చుకునే రోజే తల్లిదండ్రులకు చదివి వినిపించండి. జ్వరం 100.4 దాటితే రావద్దు, తగ్గాక మందు లేకుండా ఒకరోజు గడవాలి. నీళ్ల విరేచనాలుంటే రావద్దు. అమ్మవారు పోస్తే పొక్కులన్నీ ఎండి పెచ్చులు కట్టేదాకా రావద్దు. ఆ రోజు వాళ్లకు సెలవు దొరక్క మీ గుమ్మం దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంటారు. మీకూ మనసొప్పదు. కానీ లోపల చంటిబిడ్డ ఉంది. టీకా కార్డు ఫోటో తీసి పెట్టుకోండి, తొమ్మిది నెలలకు వేసే తట్టు టీకా పడిందో లేదో ప్రత్యేకంగా చూడండి.

మీ దగ్గర ఉండగా విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్. ఇక్కడ జరిగే తప్పు ఒకటే. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు, చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకు. పెద్ద ప్యాకెట్‌ను గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం. ప్యాకెట్ వెనక చదవండి. రెండేళ్లలోపు వాళ్లకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో, నిదానంగా. పై వాళ్లకు 100 నుంచి 200. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయండి.

అక్కడ ఆ అమ్మ అడుగుతున్నారు, జ్వరం మందు మనం వేయొచ్చా అని. డాక్టరు చీటీ, తల్లి రాసిచ్చిన కాగితం, బిడ్డ పేరున్న సీసా, మూడూ ఉంటేనే. కారణం చెప్తాను. పారాసెటమాల్ చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 120 లేదా 125 ఉంటుంది, ఇంకో రకంలో 250. పదికిలోల బిడ్డకు ఒకసారికి 150 మిల్లీగ్రాములనుకోండి. చుక్కల మందైతే ఒకటిన్నర మిల్లీలీటర్లు, 125 సిరప్ అయితే ఆరు. చెంచా లెక్క గుర్తుపెట్టుకుని సిరప్ బదులు చుక్కల మందు ఆరు మిల్లీలీటర్లు పోస్తే నాలుగు రెట్లు పడుతుంది. పక్కబిడ్డ సీసా వాడకూడదనేది ఇందుకే. వేసిన గంట రాసి తల్లికి పంపండి, ఇంటికి పోయాక ఆమె మళ్లీ వేయకుండా.

సాయంత్రం పంపేటప్పుడు, ముందు రాసిచ్చిన పేర్లవాళ్లకే బిడ్డను ఇవ్వండి. తెలిసిన ముఖమైనా, "మామనే కదా" అన్నా, తల్లికి ఫోన్ చేశాకే. పిల్లలున్న గంటల్లో ఇంటికొచ్చే మగవాళ్లు, చుట్టాలు, పనివాళ్లు ఎవరూ పిల్లలతో ఒంటరిగా గదిలో ఉండకూడదు. మన ఇంటివాళ్లకూ ఇదే వర్తిస్తుంది. చెప్పడానికి మొహమాటంగా ఉంటుంది, మొదటిరోజే చెప్పేయండి. బిడ్డ ఒంటి మీద, మాటలో అనుమానం కలిగించేది కనబడితే పిల్లల సహాయ నంబరు 1098కి చెప్పండి. పిల్లలపై లైంగిక నేరాల గురించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, అలాంటిది తెలిసీ చెప్పకపోవడం నేరం.

ఇక చేత్తో చేసి చూడాల్సింది ఒకటి మిగిలింది. బొమ్మలు తెచ్చాం, ముగ్గురేసి ఒక బొమ్మ దగ్గర కూర్చోండి. గొంతుకు అడ్డంపడి, బిడ్డ ఏడవలేక, దగ్గలేక, పెదాలు నీలమవుతుంటే చేసేది ఇది. ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఒక్కరే ఉంటే స్పీకర్‌లో పెట్టండి. ఏడాది లోపు బిడ్డయితే ముంజేతి మీద బోర్లా, తల కిందికి వాలేట్టు, దవడను వేళ్లతో పట్టుకోండి. గొంతు నొక్కొద్దు. రెండు భుజాల ఎముకల మధ్య, అరచేతిలో మణికట్టు దగ్గరుండే గట్టి భాగంతో ఐదు దెబ్బలు. వెల్లకిలా తిప్పండి, చనుమొనల గీతకు కాస్త కింద, రొమ్ము ఎముక మీద రెండు వేళ్లతో ఐదు నొక్కులు. మళ్లీ దెబ్బలు. ఏడాది దాటిన బిడ్డకు వీపు మీద ఐదు, తర్వాత వెనక నుంచి చుట్టి బొడ్డుకు పైన పిడికిలితో లోపలికి, పైకి ఐదు. కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దు, లోపలికి తోసేస్తారు. స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి సీపీఆర్, అంటే ఛాతీ నొక్కి నోటితో ఊపిరి ఊదడం, మొదలుపెట్టాలి, అది తర్వాత చూపిస్తాం. ముందు వీపు దెబ్బలు. నీలం చీర అమ్మా, బొమ్మ తల ఇంకా కిందికి వాలాలి. ఇంకొంచెం. అట్లా. ఇప్పుడు కొట్టండి.